లేని కొంగ

ఆవిడ అసలు పేరుతో పేటలో ఎవరికీ పని లేదు. రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీస్తుంది కాబట్టి అందరికీ సూదమ్మ. "ఏం నొప్పుండదండీ" అని నవ్వుతూ గుచ్చే రకం కాదు. "నొప్పుంటుంది. చెయ్యి కదిపితే ఇంకోసారి గుచ్చాల్సొస్తుంది" అంటుంది. కండలు తిరిగిన మగవాళ్ళు కూడా నోరు మూసుకుని చెయ్యి చాపుతారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకు ఆవిడేమీ సిగ్గుపడదు, లేకపోతే ముక్కెందుకంటుంది.

భర్త డ్రైవింగు మాస్టారు. ఊళ్ళో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. చలికాలం వస్తే ఆదివారం పొద్దున్నే శిష్యుల్ని వెంటేసుకుని ఊరవతలి పక్షుల మడుగుకి వెళతాడు. కొడుకు కాలేజీకొచ్చినా అందరూ ఇంకా బ్యాంకమ్మాయి అనే ఆవిడ, మందుల షాపాయన, ఇంకా కొంతమంది. పిట్ట కనబడితే పేరు ముందు మాస్టారే చెప్పాలి, ఆ తర్వాతే మిగతావాళ్ళు నోరు విప్పాలి. ఎవరూ పెట్టిన రూలు కాదది. పెద్దాయన మీద గౌరవంతో అలా అలవాటైపోయింది.

వేసవిలో కంటి డాక్టరు ఆయనకో మాట చెప్పాడు. కంటి లోపలి పొర పాడవుతోంది, చూపు ఏ కాస్త తగ్గినట్టున్నా వెంటనే రండి, ఒకసారి పోయింది మళ్ళీ రాదు అని. అప్పట్నుంచి వెళదాం పదండి అని సూదమ్మ పోరుతూనే ఉంది. ఆయనదొకటే జవాబు.

"అవతలి గట్టు మీద పిట్టని ఇక్కణ్ణుంచి చెబుతున్నానే. కావాలంటే మావాళ్ళనడుగు. నా కళ్ళకేం రోగం?"

ఆవిడకీ ఆ మాట నిజమేననిపించేది. ఇంతమంది కళ్ళున్నవాళ్ళు ఔనంటుంటే కాదనడానికి తానెవరు?

ల్యాబుకి రంగులేస్తున్నారని సెలవిచ్చిన ఓ చలికాలపు ఆదివారం ఆవిడా బయల్దేరింది. మడుగు పక్కన చెక్క గుడిసెలో, గోడకున్న వెడల్పాటి సందు ముందు అందరూ బెంచీల మీద సర్దుకున్నారు. మాస్టారు టెలిస్కోపుకి కన్ను ఆనించి కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"అదిగో, తెడ్డుమూతి కొంగ. ఎడం పక్క, మొద్దు దగ్గర."

"ఔను మాస్టారూ, భలే ఉంది," అంది బ్యాంకమ్మాయి.

"ముక్కు కూడా స్పష్టంగా కనబడుతోంది," అన్నాడు మందుల షాపాయన.

సూదమ్మ బైనాక్యులర్ ఎత్తి చూసింది. మొద్దుకి చిక్కుకుని ఓ తెల్ల ప్లాస్టిక్ సంచి గాలికి ఊగుతోంది. తనే పొరబడ్డానేమోనని మళ్ళీ చూసింది. సంచి మీద ఎరువుల కంపెనీ బొమ్మ కూడా ఉంది.

లేచి, బ్యాంకమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఏం కనబడింది నీకక్కడ?"

"అది కాదక్కా. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని..."

"ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఈ భాగోతం?"

"చలికాలం మొదట్నుంచీ. ఆయన ఏది చెబితే అది ఔనందామని అందరం అనుకున్నాం."

సూదమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. పొరపాటు కాదు, కూడబలుక్కుని మరీ చేశారు. ఆ ఔనులన్నీ మూటగట్టుకుని ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఎగ్గొడుతున్నాడు. రోజూ పొద్దున్నే కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నడి బజారులో బండి నడిపిస్తున్నాడు.

"మీవాడికి కూడా ఆయనే కదా నేర్పుతున్నారు? కన్నకొడుకు మీదైనా భయం లేదా నీకు?"

బ్యాంకమ్మాయి తల దించుకుంది. "వాణ్ణి పోయిన నెలలోనే వేరే స్కూల్లో చేర్పించేశామక్కా."

సూదమ్మ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"ఓహో. నీ బిడ్డ వరకూ వచ్చేసరికి నిజం గుర్తొచ్చిందన్నమాట. ఊరి పిల్లలు ఏ లారీ కింద పడ్డా ఫరవాలేదు, మా ఆయన కళ్ళు గుంటలైపోయినా ఫరవాలేదు, నువ్వు మాత్రం మంచిదానివి అనిపించుకోవాలి. నీది గౌరవం కాదమ్మా, పిరికితనం. గుండె మీద చెయ్యేసుకుని ఆలోచించుకో."

అంతే విసురుగా లోపలికొచ్చింది.

"ఏవండీ, అది కొంగ కాదు. ఎరువుల సంచి."

మాస్టారు టెలిస్కోపు మీంచి తలెత్తి శిష్యుల వైపు తిరిగాడు.

"పోయిన వారం సూదితోక బాతులు?"

మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "లేవు మాస్టారూ."

"అంతకు ముందు చెప్పిన గద్ద?"

మందుల షాపాయన బైనాక్యులర్ కిందికి దించేశాడు. మాస్టారి మొహం ఎర్రబడింది. వాళ్ళని నాలుగు దులుపుతాడనుకుని సూదమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన వాళ్ళని వదిలేసి భార్య వైపు తిరిగాడు.

"వచ్చేటప్పుడు దారిలో, మంచు బాగా పట్టిందే అన్నాను. ఔనన్నావు. పట్టిందా?"

సూదమ్మ కట్టుకున్న చేతులు విప్పేసింది. దారంతా ఎండ చక్కగా కాసింది. ఆయనకి మసగ్గా కనబడుతోందని ఆవిడకి దారిలోనే అర్థమైంది. పొద్దున్నే గొడవెందుకులే అని ఊఁ కొట్టి ఊరుకుంది.

"లేదు," అంది.

"అయితే వాళ్ళనెందుకంటావు? నువ్వూ వాళ్ళలో ఒకతెవే."

మాట పడటం ఆవిడకి పుట్టాక అదే మొదటిసారి.

పొద్దున మాస్టారు నడిపి తెచ్చిన బండి అక్కడే వదిలేశారు. దింపుతామని శిష్యులు వెంటపడితే మాస్టారు వినిపించుకోకుండా బస్సు రోడ్డు వైపు గట్టు మీద నడక మొదలెట్టాడు. సూదమ్మ పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు. సూదమ్మకి కోపం ఆయన మీదో, వాళ్ళ మీదో, తన మీదో తెలియలేదు. ఒక అడుగు ముందుకెళ్ళి నడుస్తూ మొదలెట్టింది.

"గుంట. ఇటు రండి. ఇక్కడ రాయుంది, పెద్దది. ఇప్పుడు బురద, జారుతుంది."

ప్రతి మాటా తిట్టినట్టే వస్తోంది. ఆయన ఆవిడ చెప్పిన చోటే అడుగేస్తున్నాడు.

"కొంచెం మెల్లగా చెప్పవే," అన్నాడు కాసేపటికి. "పోయింది కళ్ళు, చెవులు కాదు."

"మెల్లగా చెప్పడం నాకు రాదు. కాలవొచ్చింది, ఆగండి," అంది సూదమ్మ.

ఆయన ఆగాడు.