అడ్డుతెర మీద పేర్లు

వడమాలపేటలో పెళ్ళి కుదిరిందంటే అడ్డుతెర చంద్రకాంతమ్మ ఇంటికి వచ్చేది. పెళ్ళికొడుకుకూ పెళ్ళికూతురికీ మధ్య పట్టే ఆ తెల్లగుడ్డ మీద ఆమె పెన్సిలుతో ఇద్దరి పేర్లూ గీసేది. చెల్లెలు జ్ఞానాంబ రంగు నింపి చమ్కీలు అంటించేది. మండపానికి థర్మోకోల్ అక్షరాలు కావాలన్నా అంతే. అక్క గీత, చెల్లెలి బ్లేడు. తమకు పెళ్ళిళ్ళు కాలేదు గానీ ఊళ్ళో వాళ్ళ చేయి పడని పెళ్ళి లేదు.

2002 ఎండాకాలంలో చంద్రకాంతమ్మ జ్వరంతో పోయింది. కొన్నాళ్ళకు ఎవరో తెర తెచ్చారు. జ్ఞానాంబ గీసిన 'శ్రీ' ఒక పక్కకు ఒరిగిపోయింది. చెరిపి గీస్తే గుడ్డ మాసింది. అక్క రాసినదేదైనా చూసి దింపుదామంటే ఇంట్లో ఒక్కటీ లేదు. ఊళ్ళో అడిగితే, పాత తెరలు ఎప్పుడో దిండుగలీబులు అయిపోయాయన్నారు. ఆ తెర తిరిగి ఇచ్చేసి, తలుపు వేసుకుని కూర్చుంది.

కంప్యూటరులో ఎంత పెద్ద అక్షరమైనా తీయవచ్చని ఎవరో అంటే, తిరుపతిలో గిరి నడిపే డీటీపీ సెంటరుకు వెళ్ళింది.

"ఏం నేర్చుకోవల్లక్కా?"

"పెళ్ళి తెరకి పేర్లు రాయల్లప్పా. గీత వస్తే చాలు, కోసేదీ అతికించేదీ నాకు వచ్చు."

గిరి ముందు పేజ్‌మేకర్ చూపించాడు. "శుభలేఖలకీ పుస్తకాలకీ ఇది బాగుంటాది." అక్షరాలు వరసల్లో బుద్ధిగా నిలబడ్డాయి. తర్వాత ఫోటోషాప్ తెరిచి పేరుకు బంగారు మెరుపు పూసి, కింద నీడ పెట్టాడు.

"మెరుపు నా కాడ డబ్బా నిండా ఉండాది," అంది జ్ఞానాంబ. "నాకు వంపు కావల్ల."

అప్పుడు కోరల్ డ్రా తెరిచాడు. ఒక 'శ్రీ' టైపు చేసి దాన్ని ఉత్త గీతగా మార్చాడు. గీత పొడుగునా చిన్న చిన్న చుక్కలు తేలాయి. "ఈ చుక్క పట్టుకోని లాగు. ఎట్ల తిప్పితే అట్ల తిరుగుతాది."

లాగి చూసింది. 'శ్రీ' మీది గుడిదీర్ఘం మెల్లగా సాగింది. "ఇదే నేర్పించప్పా," అంది.

రోజూ పుత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులో వెళ్ళి వచ్చేది. మౌసు చేతిలోంచి జారిపోయేది. అంతకన్నా కష్టం, అక్క అక్షరం కళ్ళకు గుర్తు రాకపోవడం. ఇన్నేళ్ళూ బ్లేడు మొన తప్ప ఆమె అక్షరాన్ని చూసిందెక్కడ? ఒకరోజు కళ్ళు మూసుకుని, బల్ల మీద చేతిని ఉత్తినే తిప్పింది. ఎక్కడ బ్లేడు నెమ్మదించేదో, ఎక్కడ సర్రున జారేదో మణికట్టుకు తెలుసు. ఆ లెక్కన ఒక్కో చుక్కా జరుపుకుంటూ పోయింది. నెల తిరిగేసరికి 'శ్రీ' వచ్చింది.

"సూడక్కా!" అంది పక్కకు తిరిగి, పైకే.

"ఏందక్కా?" అన్నాడు గిరి అవతలి కుర్చీలోంచి.

"నిన్ను కాదప్పా."

ఆ రోజు ఇంకేమీ చేయలేక తొందరగా బస్సెక్కింది.

మిగతా అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. తర్వాతి మాఘమాసంలో భానుశ్రీ, ధర్మేంద్రల పెళ్ళికి తెర చేసిచ్చింది. ప్రింటు తీసిన కాగితాలు అతికించి, కింద కార్బన్ పెట్టి గీతను గుడ్డ మీదికి దింపుకుని, పాత పద్ధతిలోనే చమ్కీలు అంటించింది. మండపంలో తెర పట్టినప్పుడు పెళ్ళికూతురి తల్లి జ్ఞానాంబను చూసి, "అచ్చం మీ అక్క రాతే!" అంది.

జ్ఞానాంబ తెర వంకే చూస్తోంది. ధర్మేంద్రలో 'ధ' పొట్ట కొంచెం ఇరుకైంది. అక్కే ఉంటే పెళ్ళి భోజనానికి కూర్చున్నా, బస్సెక్కినా ఇద్దరూ ఆ 'ధ' గురించే కొట్లాడుకునేవాళ్ళు. జీలకర్ర బెల్లం పెట్టగానే తెర దించేశారు. అందరి చూపులూ పెళ్ళివాళ్ళ మీదికి పోయాయి. ఎవరో తెరను మడిచి కుర్చీ వెనక పడేశారు.

పంక్తిలో ఒక్కతే కూర్చుని తిని, చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది. రేపు 'ధ'ను సరిచేయాలి.