కేకకు పోస్టు లేదు

గుడివాడ బస్టాండులో అంకమ్మరావు ఉద్యోగం అరవడం. బుగ్గన కరక్కాయ, చెవికి ఆనించిన ఎడమచెయ్యి, కదలని ప్రైవేటు బస్సు పక్కన, "పెడన, బందరు! రండమ్మా, కదిలిపోతంది!" అని బస్సు నిండేదాకా అరిచేవాడు. పరామర్శకు వెళ్లే మొహాలు కనిపిస్తే మాత్రం గొంతు తగ్గించేవాడు. బస్సుల్ని ప్రభుత్వం తీసుకున్నాక, ఉతికిన చొక్కా తొడుక్కుని డిపో ఆఫీసరు ముందు నిలబడ్డాడు.

"డ్రైవరువా, కండక్టరువా?"

"కేకేసేవాణ్ణండి. ఇంట్లో ఐదుగురం ఈ గొంతు మీదే బతుకుతున్నామండి."

ఆఫీసరుగారు సర్కారువారి పోస్టులన్నీ మనసులో భక్తిగా ఒకసారి తిరగేశారు. "కేకకు పోస్టు లేదయ్యా. మా బస్సు నిండినా నిండకపోయినా టైముకి కదుల్తుంది."

"బస్సు ఇప్పుడు ప్రజలదే గదండీ?"

"ముమ్మాటికీ."

"మరి ప్రజల్ని పిలవొద్దంటారేంటండీ?"

ఆఫీసరుగారికి నవ్వొచ్చింది గాని, హోదా గుర్తొచ్చి ఆపుకున్నారు. "పిలవకపోయినా వస్తార్లే."

అంకమ్మరావు ఆ మాట నమ్మలేదు. బయటికొచ్చి, బందరు వెళ్లే సర్కారు బస్సుకు ఎదురుగా, పంతం కొద్దీ నోరు మూసుకుని నిలబడ్డాడు. వస్తే ఎవరొస్తారో చూద్దామనుకున్నాడు. కాసేపటికి జనం వచ్చారు. సంచులతో, చంకలో పిల్లలతో ఒక్కొక్కరే అతన్ని తప్పుకుని వెళ్లి ఎక్కారు. ఎవరూ పిలవకుండానే బస్సు నిండింది.