అమ్మగారి పాట మీద తీర్మానం

మా ఆవిడ పాట అందుకుంటే శ్రుతి లేచి బయటికి వెళ్ళి, పాట అయిపోయాక తిరిగి వచ్చేది. గిట్టక అంటున్న మాట కాదిది. ఆవిడ ప్రెస్బిటేరియన్ చర్చిలో పాదిరి, నేను అదే చర్చిలో ఆర్గాన్ వాయించేవాణ్ణి. ఆ గొంతుకు అందరికంటే దగ్గరగా కూర్చున్న మనిషిగా సాక్ష్యం చెబుతున్నాను.

పాదిరిని అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలవడం జనానికి అలవాటు. మా దగ్గర ఆ లెక్క తిరగబడింది. ప్రసంగం అమ్మగారిది, ప్రసంగానికి ముందు ఆవిడ కళ్ళజోడు వెతికి పెట్టే ఉద్యోగం అయ్యగారిది. పాదిరితో కాపురం చేసేవారే స్త్రీల సమాజానికి అధ్యక్షత వహించాలని నియమావళిలో ఉండటంతో కొంతకాలం ఆ పదవి కూడా నేనే వెలగబెట్టాను. నాకు ఈనాటికీ గుండీలు కుట్టడం బాగా వచ్చు.

ఆవిడను పాదిరిగా అభిషేకించిన రోజున సంఘ పెద్దలంతా తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఆమెన్ అనగానే పాట మొదలైంది. ఆవిడ గొంతు కలిపింది. వాళ్ళలో అందరికంటే పెద్దాయన చేయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే ఆమెన్ అనేశారు కనక ఇక చేయగలిగింది లేకపోయింది.

ఆడమనిషి పాదిరి ఏమిటని గొణిగేవాళ్ళు ఆ రోజుల్లో చాలామందే ఉండేవారు. ఆవిడ పాట విన్నాక ఆ గొడవ వదిలేసి ఈ గొడవ ఎత్తుకున్నారు. ప్రసంగాలు చక్కగా, పొట్టిగా ఉండేవి. ఆస్పత్రిలో ఎవరు కళ్ళు తెరిచినా మంచం పక్కన ముందు ఆవిడే కనిపించేది. అవేవీ లెక్కలోకి వచ్చేవి కావు. పెళ్ళి కుదిరిందంటే చాలు, పెళ్ళికూతురి తల్లి నన్ను పక్కకు పిలిచేది.

“అయ్యగారూ, ఆ రోజుకి అమ్మగారికి గొంతునొప్పి వచ్చే అవకాశం ఏమైనా ఉందా అండీ?”

పెద్దలు తమ ప్రయత్నం తాము చేశారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, పాట సమయానికి ఆవిడ మైకు ఆపేలా నా కాలి దగ్గర ఒక స్విచ్చి పెట్టించారు. మైకు పనిచేయడం లేదని గ్రహించిన ఆవిడ, వెనక వరసలవాళ్ళకు అన్యాయం జరగకూడదని గొంతు రెట్టింపు చేసింది. మరుసటి వారం పెద్దలే వచ్చి స్విచ్చి పీకించారు.

ఆ పాటకు అభిమాని ఒకే ఒక్కడు: వేదిక ముందు మొదటి బల్ల మీద కూర్చునే లారీ డ్రైవరు. గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయన మాట నూనె లేని గేటులా కీచుమనేది. బజారులోనూ బంధువుల ఇళ్ళలోనూ నోరు విప్పేవాడు కాదు. ఎవరేం అడిగినా భార్యే జవాబు చెప్పేది. అలాంటి మనిషి చర్చిలో మాత్రం తలెత్తి, కళ్ళు మూసుకుని, పాట పొడుగునా పెదవులు కదిపేవాడు. గొంతుతోపాటు చెవులు కూడా తీసేశారేమోనని మేం చెప్పుకునేవాళ్ళం.

ఇలా ఉండగా చర్చి పాటల బృందం, అదే క్వయర్, బాధ్యత ఒక సంగీతం టీచరు చేతికి వచ్చింది. నెలల తరబడి సాధన చేయించి, నాలుగు గొంతుల పాట ఒకటి తయారుచేసి నిలబెట్టింది. సరిగ్గా మంచి చోట, వేదిక మీదనుంచి ఐదో గొంతు వచ్చి పడింది. టీచరు పెద్దలకు కబురు పెట్టింది. అమ్మగారు నోరు మూసుకోవాలి, లేదంటే క్వయర్ మూసుకుంటుంది.

చిక్కేమిటంటే, మా చర్చిలో ఏదైనా పెద్దల సభలోనే తేలాలి, ఆ సభను నడిపేది పాదిరి. అంటే తన నోరు మూయించాలా వద్దా అనే చర్చకు ఆవిడే అధ్యక్షురాలు. నేను కార్యదర్శిని. రాసుకోవడమే తప్ప ఓటు లేదు. ఇంట్లోనూ నాది అదే హోదా.

గడియారాలు బాగుచేసే పెద్ద లేచి, ఆరాధనలో ధ్వనుల సమతూకం గురించి చాలాసేపు మాట్లాడాడు.

“అంటే నా పాట గురించేనా?” అంది ఆవిడ.

“అంతమాట మేం అనలేదమ్మా.”

“అనండి బాబూ. అనకపోతే తీర్మానం ఎలా రాసేది?” అని నాకేసి తిరిగింది. “రాసుకోండి. అమ్మగారు ఇకమీదట పాడరాదు. బలపరిచేదెవరు?”

ఓట్లు సగం సగం పడ్డాయి. అలాంటప్పుడు తేల్చేది అధ్యక్షురాలి ఓటు. అందరూ బల్లకేసి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తన గొంతు కోసం తానే ఓటేసుకుంటే బాగుండదని చెప్పి, తీర్మానం వైపు ఓటేసి, ప్రార్థనతో సభ ముగించింది.

ఆ ఆదివారం ఆవిడ నోరు విప్పలేదు. మొదటి చరణం క్వయర్ అద్భుతంగా పాడింది. రెండో చరణానికి జనం ఎవరి గొంతు వారికే వినపడి, ఒక్కొక్కరే తగ్గించుకుంటూ పోయారు. మూడో చరణం మధ్యలో ముందు బల్లనుంచి గేటు కీచుమంది. ఇన్నాళ్ళూ పెదవులు మాత్రమే కదుపుతున్నాడని మేమనుకున్న మనిషి పాడుతున్నాడు.

తలలన్నీ అటు తిరిగాయి. డ్రైవరు తన గొంతు తానే విని ఉలిక్కిపడ్డాడు. పాటల పుస్తకం బల్ల మీద పెట్టి మెల్లగా బయటికి నడిచాడు. పై ఆదివారం ఆ బల్ల ఖాళీగా ఉంది.

ఆవిడ వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. ఆయన ఊళ్ళో లేడని భార్య చెప్పిందట. చెప్పులు మాత్రం గుమ్మంలోనే ఉన్నాయట. ఆ సంగతి చెప్పి, వంటింట్లో గిన్నెలు తోముతూ, “ఏమండీ, మీ ఆర్గాన్‌లో నడిమి మెట్టు ఒకటి రవ్వంత దిగింది. చూసుకోండి” అంది.

పక్కనే ఉన్న చర్చికి వెళ్ళి చూశాను. దిగింది. మళ్ళీ వంటింట్లోకి వచ్చాను.

“నీకు శ్రుతి తెలుసా?”

“తెలియకుండా అంత నికరంగా ఎలా తప్పుతానండీ? ప్రతివారం ఎక్కడా శ్రుతికి తగలకుండా పాట దాటించడం ఎంత చాకిరీ అనుకున్నారు?”

శిక్షణ రోజుల్లో ఆవిడను ఒక చిన్న చర్చికి పంపారట. అక్కడ చక్కగా పాడిందట. ఆవిడ నోరు తెరవగానే జనమంతా నోళ్ళు మూసుకుని వినడం మొదలుపెట్టారట.

“వినడానికైతే ఇంట్లో రేడియో ఉంది కదా” అంది గిన్నె బోర్లిస్తూ. “అందరికంటే అధ్వాన్నం నేనేనని తేలిపోతే, మిగతావాళ్ళకు బెంగ ఉండదు.”

ఇన్నేళ్ళు కాపురం చేసి ఈ ముక్క నాకెందుకు చెప్పలేదని అడిగాను. చెబితే ఆర్గాన్ దగ్గర నా మొహంలో ఆ బాధ కనిపించేది కాదట, ఆ బాధ సంఘానికి అవసరమట.

రెండో రోజు సంగీతం టీచరు మా గుమ్మంలో నిలబడింది. ఖాళీ బల్ల టీచరు కూడా చూసింది.

“మీరు పాడాలి అమ్మగారూ.”

“తీర్మానం ఉంది కదమ్మా.”

“రద్దు చేయించండి.”

“నేనెలా చేయిస్తాను? నువ్వు సభకొచ్చి అడుగు. నీళ్ళు తాగుతావా?”

టీచరు వచ్చి అడిగింది. పెద్దలందరూ ఒప్పుకున్నారు. వ్యతిరేకించేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడుగుతూ ఆవిడ నావైపే చూసింది, ఓటు లేదని తెలిసి కూడా. ఆ వారం డ్రైవరు ఇంటి కిటికీ కింద నిలబడి ఒక చరణం పాడి వచ్చింది. ఆయన చెప్పులు వేసుకుని చర్చికి వచ్చేశాడు. ఆ వీధివాళ్ళంతా బతిమాలి పంపించారని అంటారు.

పదవీ విరమణ తర్వాత కూడా ఆవిడ మొదటి బల్ల మీద, డ్రైవరు పక్కనే కూర్చుని పాడేది. మొన్న వానాకాలంలో పోయింది.

సమాధి కార్యక్రమానికి వేరే ఊరినుంచి ఒక పాదిరిగారు వచ్చారు. టీచరు క్వయర్‌కు శ్రుతి ఇవ్వలేదు, చేయెత్తి, దించేసింది. ఎవరి దారిన వారు మొదలుపెట్టారు. గడియారాల పెద్ద ఒక చరణం ముందున్నాడు. వాళ్ళందరి మీదుగా గేటు బార్లా తెరుచుకుంది. నేను కూడా ఆర్గాన్ మీద చేతనైనంత మేరకు తప్పాను.

పాట అయ్యాక పాదిరిగారు నా చెవి దగ్గరికి వంగారు. “మీ సంఘంలో పాడేవాళ్ళే లేరా అండీ?”

“లేకేం అయ్యగారూ” అన్నాను. “అందరూ పాడతారు.”