తాతకు చెప్పిన కైజరు పాఠం

సముద్రం ఒడ్డున పుట్టినవాడు మద్రాసు పోయి జర్మనీ చక్రవర్తుల మీద పరిశోధన చేస్తుంటే, ఆ రోజుల్లో మా పల్లెలో ఎవరూ తప్పు పట్టలేదు, జాలిపడ్డారు. “మావాడిది రాజుల చదువు” అని మా అమ్మ చెప్పేది. “రాజులు ఇప్పుడు లేరు గదక్కా” అనేవాళ్లు. (ఉద్యోగాలూ లేవు. అది నేను చెప్పలేదు.)

ఓసారి సెలవులకు వచ్చేసరికి ఊళ్లో పొయ్యిలు సరిగా వెలగడం లేదు. మా తాత ఊరిపెద్ద. తెల్లారి ఒడ్డున నిలబడి, సముద్రం చూసి ఆయన సరేనంటేనే పడవలు వేటకు కదలాలి. ఆయనేమో రోజూ “మబ్బు పట్టింది, వద్దు” అంటున్నాడు. మబ్బు ఆకాశంలో లేదు, ఆయన కళ్లలో ఉంది. అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయన అడిగితే పెత్తనానికి ఆశపడ్డాడంటారు. అందుకని నన్ను పక్కకు పిలిచి, “రాజులు దిగిపోయే సంగతి చదివినావు గదరా, నువ్వు మాట్లాడు” అన్నాడు.

గొంతు సవరించుకుని, జర్మనీ చక్రవర్తి కైజరు యుద్ధం ఓడి, సింహాసనం వదిలి హాలెండుకు రైలెక్కిన వైనం చెప్పాను. తాత వల బాగుచేసుకుంటూ విన్నాడు.

“ఆడ ఏం చేసినాడు?”

“రోజూ కట్టెలు కొట్టినాడు తాతా.”

“వంటకా?”

“ఊరికే.”

“ఆయన్ని ఏమని పిల్చినారు?”

“పనోళ్లు కడదాకా మహారాజా అనే పిల్చినారు.”

తాత వల పక్కన పెట్టాడు. నా పరిశోధనను అంత శ్రద్ధగా విన్నవాళ్లు మళ్లీ దొరకలేదు.

“అట్టయితే నాకో గొడ్డలి తెండి” అన్నాడు.

మర్నాడు మా నాయన సరేనన్నాడు, పడవలు కదిలాయి. తాత గొడ్డలి భుజాన వేసుకుని సరుగుడు తోపుకని బయల్దేరాడు. కళ్ల సంగతి మేమెవరమూ ఆలోచించలేదు. ఆయన మొదట నరికింది మా పంచ కప్పును మోస్తున్న నిట్రాడు. కప్పు మెల్లగా నా జర్మను పుస్తకాల మీద కూర్చుంది.

“సరుగుడు గట్టిదేరా” అన్నాడు తాత.

తర్వాత నెల్లూరులో ఆపరేషన్ చేయించాం. చూపు తిరిగొచ్చాక ఒడ్డుకొచ్చి, కాసేపు సముద్రం చూసి, “అప్పుడు నిజంగానే మబ్బు పట్టిందిరా” అన్నాడు.

ఆ పైన నేను కాలేజీ పాఠాల్లో ఏటా కైజరుని దించుతూ వచ్చాను, ఒక్కసారీ కష్టమనిపించలేదు. నిరుడు నేనే చరిత్ర శాఖ హెడ్డుగా రిటైరయ్యాను. కొత్త హెడ్డు అడగకపోయినా, టైంటేబుల్ ఎలా వేయాలో చెప్పడానికి రోజూ వెళ్తున్నాను. అక్కడి అటెండరు ఇప్పటికీ “హెడ్డుగారూ” అనే పిలుస్తాడు. మా ఆవిడకు తాత గొడ్డలి సంగతి తెలుసు. మొన్న పెరటి గోడకు ఆనించి కొత్త గొడ్డలొకటి కనిపించింది. (పంచకు బాగా దూరంగా.)

పట్టుకుని చూశాను. బాగానే ఉంది.