కారుకు కొత్త గడప

మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్లు స్థిరపడిన జోడ్‌భావి పేట్‌లో మా ఆయనకు వెల్డింగ్ కొట్టు ఉండేది. పవర్‌లూముల్లో విరిగిన ఇనుప భాగాలు అతికించడం ఆయన పని. కొట్టు వెనక గదిలోనే మా కాపురం. నేను బీడీలు చుట్టేదాన్ని. ఎనభైల చివర్లో, మా పెళ్లయిన కొత్తలో, టెంపోకు తాడు కట్టి ఒక పాత కారును మా కొట్టు ముందుకు లాక్కొచ్చారు.

కారు తెచ్చిన ముసలాయన్ని పేటంతా తాత్యా అనేది. మరాఠీ మనిషే కానీ మా మధ్యే పెరిగాడు. ఒక మిల్లు సేఠ్ దగ్గర జన్మంతా డ్రైవరుగా చేశాడు. సేఠ్ పోయాక ఆయన కొడుకులు కారును తాత్యాకే ఇచ్చేశారు. ఇంజను బాగానే ఉంది, పైన నల్లరంగు అద్దంలా మెరుస్తోంది. తలుపుల కింద గడపలా పొడుగునా ఉండే ఉక్కు మాత్రం వేలు పెడితే పొరలుగా రాలుతోంది. కారు బరువంతా మోసేది అదే. అది కుంగిపోవడంతో తెరిచిన తలుపు మళ్లీ మూసుకోవడం లేదు.

"గ్యారేజోళ్లు పాత ఇనుము కింద భంగార్‌ల ఏయమంటున్రు. నువ్వు చేస్తవా బేటా?"

"చేస్త తాత్యా," అన్నాడు మా ఆయన. లోపలికి వచ్చి నాతో, "అది కోస్తే కారు నడుమ ఇరుగుతదేమోనే," అన్నాడు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

కింద జాకీలు పెట్టాడు. తలుపు సందుకు అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి బిగించాడు. అప్పుడు కుళ్లిన గడపను కోశాడు. అది ఊడి నేల మీద పడింది. కారు కదల్లేదు.

కొత్త రేకు వంపు కుదరలేదు. ఒక ముక్క పాడైంది. మేము బీడీ ఆకును రేకు అచ్చు పెట్టి కత్తిరిస్తాం కదా, నాకు అదే తోచింది.

"ఆగయ్యా. ముందుగాల అట్ట కోద్దాం. అట్ట సరిపోతే రేకు కొయ్యి."

చద్దర్ల అట్టపెట్టె చింపి, కారు కింద పడుకుని, ఆకు కత్తెరతో అంచులు దిద్దుతూ పోయాను. మూడో అట్ట అతికినట్టు కూర్చుంది. దాని ప్రకారం మా ఆయన రేకు కోసి, పైపు మీద పెట్టి సుత్తితో వంచాడు.

పలచని రేకు వేడికి వంకర పోతుంది. అందుకని గ్యాస్ మంటతో ఇక్కడో చుక్క, అక్కడో చుక్క అతికించాడు. ఆయన చెప్పినచోటల్లా నేను తడిగుడ్డ వేశాను. అంతలో కరెంటు పోయి మగ్గాలు ఆగాయి. నేతగాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

చివరికి అడ్డుపట్టీ కోసి, జాకీలు దించాడు. తాత్యా ఒక్క వేలితో తలుపు నెట్టాడు. 'టక్' మని మూసుకుంది. మళ్లీ తెరిచాడు, మళ్లీ మూశాడు.

"ఏమైంది తాత్యా?" అని అడిగాను.

"ఏం కాలే బిడ్డా. సేఠ్ ఉన్నప్పుడు తలుపు గిట్లనే పడుతుండె." ఆయన వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. "నువ్వు ఎనకాల కూసో. ఎక్కడికి పోదాం చెప్పు."

నేను అప్పటిదాకా కారెక్కలేదు. బీడీ పనివాళ్ల ఇళ్లుండే విడీ ఘర్కుల్‌లో మా అమ్మ దగ్గరికి పోదామన్నాను. మా ఆయన ముందు కూర్చుని, కింద చప్పుడేమైనా వస్తుందేమోనని దారంతా తల బయటికి పెట్టి విన్నాడు. గుంతల్లో పడ్డా ఏమీ రాలేదు. మా అమ్మ బీడీల చాట చంకన పెట్టుకునే వచ్చి, ఎవరి కారని కూడా అడగకుండా నా పక్కన ఎక్కి కూర్చుంది.