హంగేరీ ఆయనకు నేను తెచ్చిపెట్టిన గెలుపులు

హంగేరీ దేశం ఎక్కడుందో బళ్లో గోడకు తగిలించిన పటంలో చూడటమే తప్ప నాకు తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా లేదు. అయినా ఆ దేశపు పడవ వీరుడొకడు నా ప్రాణం ఆరేళ్లు తోడేశాడు. ఆయన పేరు నాకు నోరు తిరిగేది కాదు. అందుకని ఇంట్లో అందరం "హంగేరీ ఆయన" అనేవాళ్లం, వరసకు ఏదో చుట్టమైనట్టు.

అప్పుడు మేం పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలు పట్టి బతికే ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న పోయాడు. అమ్మ, నేను, నాకంటే ఏడేళ్లు చిన్నవాడైన తమ్ముడు. నేను ఆ ఊరి బళ్లోనే పంతులమ్మను. ఊరందరి పిల్లలకూ అక్షరాలు దిద్దించినదాన్ని, సొంత తమ్ముడికి మాత్రం నేర్పలేకపోయాను. పుస్తకం తీస్తే చాలు, వాడికి నిద్ర ముంచుకొచ్చేది.

యాభై ఎనిమిదో సంవత్సరమో, తొమ్మిదో. వాడికప్పుడు పందొమ్మిదేళ్లు. సూళ్లూరుపేటలో సాయిబు గారి కొట్టు నుంచి అమ్మ బెల్లం తెచ్చింది. ఆ బెల్లం చుట్టిన పాత పేపరులో ఒక బొమ్మ ఉంది. సన్నటి పడవలో ఒక మనిషి, ఒక మోకాలు మోపి, ఒకే తెడ్డుతో ఒక పక్కనే నీళ్లు తోస్తున్నాడు. తమ్ముడు బెల్లాన్ని చీమలకు వదిలేసి పేపరు నా ముందు పరిచాడు. హంగేరీ దేశపు పడవ వీరుడట అని చదివి చెప్పాను. ఇప్పుడనుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాల్సింది.

మా సరస్సులో తెడ్డు వేసేవాడు ఎవడూ లేడు. చాలాచోట్ల నడుం లోతు నీళ్లే. పడవ వెనక నిలబడి పొడుగాటి గెడతో అడుగును తోస్తే పడవ సాగుతుంది. తాతల నాటి నుంచి అంతే. వీడు మాత్రం పాత తలుపు చెక్క ఒకటి చెక్కి తెడ్డు చేసుకుని, పడవలో మోకాలు మోపి కూర్చున్నాడు. ఒక పక్కనే తోస్తే పడవ ఏమవుతుంది? గానుగెద్దులా అక్కడక్కడే తిరిగింది. ఒడ్డున ఊరంతా చేరింది.

"వాడికేమన్నా మొక్కు ఉందేమో అడగవే, మోకాళ్ల మీద కూర్చుని తిరగతా ఉండాడు" అంది అమ్మ.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మర్నాడు బళ్లో పిల్లలందరూ బల్లల మీద మోకాళ్లేసి తెడ్లు వేస్తున్నారు.

ఇది వెర్రి అని వదిలేద్దామంటే కుదరలేదు. మా ఊళ్లో పాడు అనే పద్ధతి ఉండేది. రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. అందుకని చీట్లు వేసి ఏ రోజు ఎవరు ఎక్కడ వల దింపాలో వంతులు పెట్టుకునేవాళ్లు. మా ఇంటి పేరున ఒక వంతు ఉంది. నాన్న తరువాత అది తమ్ముడిది. ఎవరైనా తమ వంతు రోజున పొద్దెక్కేలోగా వల దింపకపోతే ఆ రోజు పోయినట్టే. ఒకే ఏడు రెండుసార్లు తప్పితే ఇంటి పేరే పాడులోంచి కొట్టేస్తారు. మళ్లీ చేర్చుకోవడమంటే ఏళ్ల పని. అది పోతే మా తమ్ముడు ఇంకొకడి పడవలో కూలివాడు.

ఆయన కబురుందేమోనని వాడు బడికి వచ్చే పేపరును నాచేత రోజూ చదివించుకునేవాడు. అరవైలలో ఒక ఏడు, మా వంతుకు ముందురోజు ఆ పేపరులో హంగేరీ ఆయన ఏదో పందెంలో ఓడాడని వచ్చింది. నేను సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్లా ఉన్నదున్నట్టు చదివాను. వీడు గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"లేరా, రేపు మన వంతు."

"ఆయనే ఓడిపోయినాక నేనేం పోయేదక్కా."

ఆయన ఓటమికీ మన రొయ్యలకూ ఏం సంబంధమని అరిచాను. అమ్మ ఏడ్చింది. వాడు కదలలేదు. వంతు తప్పింది. ఊరిపెద్ద వచ్చి నా వంక చూసి, "పంతులమ్మా, ఇంకొక్కసారి తప్పితే నా చేతిలో ఏం లేదు" అని చెప్పి పోయాడు.

మళ్లీ మా వంతు రెండు నెలలకు వచ్చింది. సరిగ్గా దానికి ముందురోజే బడికి వచ్చే పేపరులో చూశాను. హంగేరీ ఆయన్ని ఆ దేశపు కుర్రవాడొకడు ఓడించాడట. ఆయన ఇక పందేలు మానేస్తున్నాడట. ఎక్కడో ముక్కూ ముఖం తెలియని మనిషి తెడ్డు కింద పెడితే మా ఇల్లు కూలేటట్టుంది. ఆయన మీద అంత కోపం నాకు అప్పుడే వచ్చింది. ఇంకొక్క నెల ఆగలేకపోయాడా!

ఆ పేపరు బళ్లోనే దాచేశాను. సాయంత్రం ఇంటికి రాగానే తమ్ముడు అడిగాడు. చేతికందిన పేపరొకటి తీసి, గొంతు సవరించుకుని, ఆయన అందర్నీ వెనక్కి నెట్టి గెలిచాడని చదివాను. అబద్ధం ఆడటం అలవాటు లేదు, అందుకని మూడుసార్లు తడబడ్డాను. వాడు నా వంకే చూస్తూ విన్నాడు. తెల్లవారగానే పడవ తీశాడు. పొద్దెక్కేలోగా వల దింపాడు. గంపల నిండా రొయ్యలు పడ్డాయి. మా పేరు పాడులో నిలిచింది.

అక్కడితో అయిపోయిందా! ప్రతి వంతుకు ముందూ వాడు, "ఆయన ఏం చేసినాడక్కా?" అనేవాడు. నేను గెలిపించేదాన్ని. ఎంత దూరం, గాలి ఎటు, ఏ మోకాలు అని ప్రశ్నలు వేసేవాడు. పిల్లలకు లెక్కలు చెప్పి అలిసిన నోటితో పందేలు అల్లేదాన్ని. ఒకసారి మాట తోచక తెడ్డు విరిగినా గెలిచాడన్నాను. మర్నాటికి వీడు రెండో తెడ్డు చేసుకుని కూర్చున్నాడు. ఒకసారి విసుగొచ్చి ఆయనకు పెళ్లి చేసేశాను. అది మొదలు పిల్లలెందరని అడగడం మొదలుపెట్టాడు. నా తమ్ముడి పెళ్లికి కూడా నేనంత శ్రమ పడలేదు.

అలా నాలుగేళ్లు నడిచింది. వంతు మాత్రం ఒక్కటీ తప్పలేదు. ఒక మధ్యాహ్నం నేను పలకలు దిద్దుకుంటుంటే వాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మోకాలు నిమురుకుంటూ అన్నాడు, "అక్కా, ఇంక ఆయన్ని ఓడించేయి. మోకాళ్లు నొప్పులు పుడతా ఉంటాయి, పాపం."

బలపం చేతిలోనే ఆగిపోయింది. "నీకెప్పుడు తెలిసిందిరా?"

"మొదటిసారే. ఆయన గెలిచినాడని నువ్వు చదివిన పేపరు నిండా సబ్బు బొమ్మ ఉండింది. నాకు చదువు రాదు గానీ బొమ్మ కనపడదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగేళ్లు! పెళ్లి, పిల్లలు, విరిగిన తెడ్డు! "తెలిసి కూడా ఆరోజు వంతుకు ఎందుకు పోయినావురా మరి?"

"అబద్ధమాడనిదానివి, నా కోసం అంత అవస్థ పడితివి గదక్కా. పోకుండా ఎట్టుంటా?" అన్నాడు వాడు, లేచి గెడ భుజాన వేసుకుంటూ.