పడినవాణ్ని లేపే రేసు

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫోన్‌లో బీఎంఎక్స్ సైకిళ్ల రేసు చూస్తోంది. మట్టి దిబ్బల మీద నుంచి ఎగురుతూ వస్తున్న పిల్లల్లో ఒకడు దబ్బున పడ్డాడు. వెనకొచ్చేవాళ్లెవరూ ఆగలేదు.

"ఎవ్వరు లేపుతలేరేంది బిడ్డా?" అన్నాను.

"ఆగితే ఓడిపోతరు కద డాడీ," అంది.

తిమ్మాజిపేట దోస్తులారా, కాలువ తవ్వినప్పుడు పోసిన ఎర్రమట్టి దిబ్బలు గుర్తున్నాయా? వాటి మీద మన కిరాయి సైకిళ్ల రేసులు? బ్రేకులు పడేవి కావు. చెప్పుకాలితో ముందు టైరును అదిమి ఆపేవాళ్లం. ఆ రబ్బరు కాలిన వాసన నాకింకా ముక్కులోనే ఉంది. మనకు ఒక్కటే రూలు: ముందున్నవాడు పడితే వెనకున్నవాడు దిగి లేపాలి. అందుకే ఎవరు గెలిచారో ఏనాడూ తేలలేదు.

నా గడ్డం పగిలిన రోజు వెనక ఉన్నది ఖాజా. సైకిల్ పడేసి ఉరికొచ్చాడు. తన అంగీ విప్పి నెత్తురు కారకుండా అదిమిపట్టి, "ఏడ్వకురా, నేనున్న కద," అన్నాడు. అన్ని రేసుల్లో నేను గెలుచుకున్నది ఆ ఒక్క మాటే. ఆ మచ్చ మీద ఇప్పటికీ వెంట్రుక మొలవదు.

రెండు నెలల కింద ఖాజా ఫోన్ చేశాడు. "నేను వనపర్తి దవాఖానల ఉన్న రా. మనసు మంచిగ లేదు, ఒక్కసారి వచ్చిపో."

ఆదివారం వస్తానన్నాను. ఏదో పని పడింది. తర్వాతి ఆదివారమూ పోలేదు. మూడో ఆదివారానికి ఖాజా లేడు.

వాడు పడ్డప్పుడు వెనక ఉన్నది నేనే. దిగలేదు.